కుబుసం విడిపించే తూము: పట్టుపురుగుకూ, కాయతొలిచే పురుగుకూ ఒక్కటే

ఒక పక్క మల్బరీ తోట, ఇంకో పక్క టమాటా చేను, మధ్యన గట్టు. హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు వైపు రోజూ కనిపించేదే ఇది. టమాటాలో కాయతొలిచే పురుగు పడిందని ఆ రైతు మందు కొట్టాడు. గాలి ఇటు తిరిగింది. నాలుగో జ్వరం దాటి జోరుగా మేస్తున్న పట్టుపురుగులు, ఆ ఆకు వేసిన మర్నాటికి మేత మానేశాయి. తల ముందుకు పొడుచుకొచ్చింది. పాత తోలు సగం ఊడి, సగం ఒంటికే అంటుకుంది. రోగం తగిలిందనుకుని సున్నం చల్లితే ఏం లాభం? అది రోగం కాదు, వేళ కాని వేళ వచ్చిన జ్వరం.

మనం జ్వరం అంటున్నది పురుగు కుబుసం విడిచే సమయాన్నే కదా. గుడ్డు నుంచి బయటపడిన నాటికీ, గూడు కట్టే నాటికీ మధ్య పట్టుపురుగు బరువు సుమారు పది వేల రెట్లు పెరుగుతుంది. తోలు అంత సాగదు. అందుకే నాలుగు సార్లు పాత తోలు వదిలి కొత్తది తొడుక్కుంటుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది ఎక్‌డైసోన్ అనే హార్మోను. ఇది పురుగు రొమ్ము భాగంలోని గ్రంథిలో తయారవుతుంది. దీన్ని మొదటిసారి శుద్ధిగా వేరుచేసింది జర్మనీ శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, కార్ల్‌సన్. 1954లో 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి వాళ్లకు దక్కింది 25 మిల్లీగ్రాములు! చిటికెడు కూడా కాదు. ఇంత కొంచెం సరుకు పురుగు ఒళ్లంతా ఎలా మార్చేస్తుందన్నది అసలు ప్రశ్న.

జవాబు కణం లోపల ఉంది. ప్రతి కణానికీ మధ్యలో ఒక కేంద్రకం, అందులో డి.ఎన్.ఎ. దారం, ఆ దారం పొడవునా జన్యువులు ఉంటాయి. కొత్త తోలు తయారీకి, పాత తోలు కరిగించడానికి, పట్టుదారం వడకడానికి వేటి జన్యువులు వాటికి ఉన్నాయి. అన్నీ ఎప్పుడూ పని చేయవు. చెరువులో నీళ్లున్నంత మాత్రాన తూములన్నీ ఒక్కసారే తెరవం కదా. తూము దగ్గర నీరుగంటి ఉంటాడు. పెద్దల మాట అందితేనే తెరుస్తాడు, లేకుంటే మూసే ఉంచుతాడు.

కణంలో ఆ నీరుగంటి పని చేసేవే కేంద్రక గ్రాహకాలు. ఇవి మాంసకృత్తులే. ఎక్‌డైసోన్ గ్రాహకం ఒంటరిగా పని చేయదు. అల్ట్రాస్పిరాకిల్ అనే ఇంకో మాంసకృత్తితో జతకట్టి డి.ఎన్.ఎ. మీద తన చోటు పట్టుకుంటుంది. హార్మోను రానంత వరకు ఈ జంట జన్యువును తెరుచుకోనివ్వదు. ఈగలో ఈ గ్రాహకం జన్యువు 1991లో దొరికింది.

దీని నిర్మాణంలో ముఖ్యమైనవి రెండు భాగాలు. ఒకటి డి.ఎన్.ఎ.ను పట్టుకునే చెయ్యి. దానికి రెండు వేళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో వేలు ఆకారం చెడకుండా నిలిపేది ఒక్కో జింకు అణువు. వరి ఆకు మీద తుప్పు మచ్చలు వస్తే మనం వేసే ఆ జింకే! జింకు లేకుంటే వేలు వంగదు, పట్టు దొరకదు. రెండోది తోక వైపు ఉండే జేబు. పన్నెండు సుళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. హార్మోను ఈ జేబులోకి దూరగానే చివరి సుడి మూతలా వచ్చి పడుతుంది. దాంతో గ్రాహకం పైరూపం మారి, ఇంతసేపూ మూసి పట్టిన సాయంగాళ్లు తప్పుకుంటారు, తెరిచే సాయంగాళ్లు వచ్చి చేరతారు. తూము లేస్తుంది. మొదట కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి. వాటి నుంచి పుట్టిన మాంసకృత్తులు పోయి ఇంకొన్నింటిని తెరుస్తాయి. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలకు నీళ్లు పారినట్టే.

ఇక్కడొక మెలిక ఉంది. తూము తెరవడమే కాదు, వేళకు మూయడం కూడా కావాలి. పురుగులో ఎక్‌డైసోన్ పెరిగి, కొత్త తోలు తయారయ్యాక తగ్గిపోతుంది. అలా తగ్గితేనే పాత తోలు ఊడుతుంది, కొత్త తోలు గట్టిపడుతుంది.

ఈ హార్మోనును పోలిన పదార్థాలు మొక్కల్లోనూ ఉన్నాయి. పాలకూరలో ఉంది, గట్ల మీద మొలిచే ఉత్తరేణిలో ఉంది. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ ఇలాంటి మొక్కల హార్మోనుతోనే ‘సంపూర్ణ’ అనే మందు తయారుచేసింది. అయిదో దశ చివర, నూటికి అయిదు పురుగులు పండినప్పుడు ఆకు మీద చల్లి వేస్తే, మిగతావీ ఇంచుమించు ఒకేసారి పండుతాయి. చంద్రికల మీదికి ఎక్కించే కూలి కలిసొస్తుంది. తొందరపడి ముందే వేస్తే మాత్రం పురుగు నిండా మేయకుండానే గూడు కడుతుంది. గూడు బరువు తగ్గుతుంది.

ఇక పురుగుమందు సంగతి. ఎక్‌డైసోన్‌లా జేబులో దూరే రసాయనం ఒకటుందని 1988లో బయటపడింది. ఆ దారిలో వచ్చినవే టెబుఫెనోజైడ్, మెథాక్సీఫెనోజైడ్, క్రోమాఫెనోజైడ్. పేరు చివర ‘ఫెనోజైడ్’ ఉంటే ఆ కుటుంబమని గుర్తుపట్టొచ్చు. ఇవి దొంగ చీటీలు. నీరుగంటి నమ్మి తూము తెరుస్తాడు. ఈ చీటీ మాత్రం జేబు వదలదు, తూము మూతపడదు. పురుగు గంటల్లో మేత ఆపుతుంది, కొత్త తోలు గట్టిపడదు, పాతది ఊడదు. ఆకలితో, ఒంట్లో నీరు ఆవిరై కొద్ది రోజుల్లో చస్తుంది. కొట్టిన మర్నాడు పురుగు ఇంకా కదులుతోందని మళ్లీ కొట్టే రైతులు ఈ సంగతి గమనించాలి. పురుగు కదులుతోందా అని కాదు, కొత్తగా తింటోందా అని చూడండి. ఇవి ముఖ్యంగా కడుపులోకి పోయి పనిచేసే మందులు కాబట్టి ఆకు పూర్తిగా తడవాలి.

పశువులకు, మనుషులకు ఎక్‌డైసోన్ గ్రాహకం లేదు. మన ఒంట్లో కేంద్రక గ్రాహకాలు 48 రకాలు, గేదెను ఎదకు తెచ్చే హార్మోన్లు పనిచేసేదీ ఇలాంటి వాటి మీదే. కానీ వాటి జేబులు వేరు. తేనెటీగల్లో ఈ గ్రాహకం ఉన్నా జేబు ఆకారంలో తేడా ఉంది, మందు సరిగ్గా ఇమడదు. గొంగళి పురుగుల జేబులో మాత్రం గట్టిగా కూర్చుంటుంది. 2003లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు మన శనగపచ్చ పురుగుకు దగ్గరి చుట్టమైన ఒక అమెరికా పొగాకు పురుగు గ్రాహకాన్ని ఎక్స్‌రేలతో చూశారు. హార్మోను ఉన్నప్పుడు జేబు ఒక ఆకారంలో, ఈ రకం రసాయనం ఉన్నప్పుడు ఇంకో ఆకారంలో ఉందని తేలింది.

‘మిత్ర పురుగులకు హాని తక్కువ’ అని ఈ మందుల గురించి చెప్పే మాట అబద్ధం కాదు. కాని పట్టుపురుగు ఆ లెక్కలోకి రాదు. అదీ గొంగళి పురుగే. కాయతొలిచే పురుగుకు ఏ జేబో దీనికీ ఆ జేబే. మన ఇంట్లో పెంచుతున్నామని మందుకు తెలుస్తుందా?

తెల్లదోమకు వాడే పైరిప్రాక్సీఫెన్‌తోనూ పట్టు రైతుకు ముప్పే. అది పట్టుకునే గ్రాహకం వేరు, ఈ కుటుంబంది కాదు. ఇక్కడ పురుగు చావదు, మేస్తూనే ఉంటుంది, గూడు కట్టదు. ఆకు ఖర్చు, కూలి ఖర్చు పెట్టి చివరికి చూస్తే చంద్రిక ఖాళీ.

కాబట్టి మల్బరీలో ఆకుముడత పురుగు పడ్డా ఫెనోజైడ్ మందుల జోలికి పోవద్దు. ఇవి ఆకు మీద వారాల తరబడి నిలిచేవి. పక్క చేను రైతుతో ముందే మాట్లాడుకుని ఏ మందు, ఏ రోజు అన్నది తెలుసుకోండి. ఆయన డబ్బా మీది పేరు చదివితే సగం గండం గడిచినట్టే. గాలి మన తోట వైపు వీస్తుంటే ఆ పూట ఆపమని అడగండి. స్ప్రేయరు ఎరువు తెచ్చుకోవద్దు, తోటకు వేరే ఉంచుకోండి. మందు కొట్టిన చేనుకు ఆనుకున్న సాళ్ల ఆకు వేరుగా కోయండి. అనుమానం ఉంటే ఆ ఆకును ఇరవై, ముప్పై పురుగులకు విడిగా ఒక తట్టలో వేసి రెండు రోజులు చూడండి. మేత తగ్గకుండా, తల పొడుచుకు రాకుండా ఉన్నప్పుడే మిగతా పురుగులకు వేయండి. పైరిప్రాక్సీఫెన్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అది కొట్టారని తెలిస్తే ఆ సాళ్ల ఆకు కోసి పారేయడమే.