చెలియలికట్ట దాటిన సముద్రము

సముద్రుడు చెలియలికట్టను దాటడని మనము కావ్యములయందు చదువుచుందుము. ఆ మాట నమ్మి నిదురింప వీలులేని సీమ యొకటి జపానుదేశమున గలదు. హొన్షూ ద్వీపపు టీశాన్యభాగముననున్న యా తీరమునకు సాన్రికు అని పేరు. అచట కొండలు కడలి యంచువఱకు దిగివచ్చియుండును. వాని నడుమ నిఱుకైన యఖాతములును, వాని యొడ్డున పల్లెకారుల గ్రామములును గలవు.

పసిఫిక్ మహాసముద్రపు టడుగుననున్న భూఫలకము ఏటేట సుమారు మూడంగుళములు జపాను క్రిందికి చొచ్చుకొనిపోవుచుండును. పైఫలకము దాని నంటుకొని క్రిందికి వంగి, యెన్నో యేండ్లకు బిగువు నోర్వజాలక, వంచిన వెదురుబద్దవలె నొక్కసారిగ విడివడును. అంత భూమి కంపించును. సముద్రతలము పైకి లేచును. దానిపైనున్న జలరాశి యంతయు కదలి తీరమునకు పరుగిడును. నడిసంద్రమున నావికులకు దెలియనంత స్వల్పమైన యా తరంగము, లోతు తగ్గినకొలది పెరిగి, ఇఱుకైన యఖాతములలో కొండవలె లేచును. దీనినే వారు త్సునామి, అనగా రేవు కెరటము, అందురు.

1896 జూన్ 15వ తేది సాయంకాలమున నచట భూమి మెల్లగ నదరినది. అది పండుగదినము. అల్పకంపమే గదా యని జనులు వేడుకలు మానరైరి. అరగంట దాటినపిమ్మట కెరటము వచ్చి సుమారు 22,000 మందిని పొట్టబెట్టుకొనెను. 1933 మార్చి 3వ తేది వేకువజామున మరల వచ్చి సుమారు మూడువేలమందిని గొనిపోయెను. రెండుమార్లును నాశనమైన అనెయొషి యను పల్లెలో, మిగిలినవారు కొండచఱియపై నొక శిల నిలిపి, దానికి దిగువ నిండ్లు కట్టరాదని చెక్కించిరి.

2011 మార్చి 11వ తేది మధ్యాహ్నమున వచ్చిన మహాభూకంపముచేతను కెరటముచేతను మృతులైనవారును గల్లంతైనవారును కలిసి 18,000 మందికి మించిరి. తారో యను నూరిలో పది మీటర్ల యెత్తున గట్టిన గోడను సైతము నీరు దాటెను. అనెయొషిలో మాత్రము నీరు శిలకు దిగువనే యాగెను. శిలమాట మన్నించి పైన గట్టుకొన్న యిండ్లు నిలిచెను.

ఆ సీమవారి కొక సూత్రము గలదు: కెరటము వచ్చునపు డెవరిమట్టుకు వారే మెట్టకు పరుగిడవలెను. వినగనే తల్లిగుండెకు కఠినముగ తోచును. బిడ్డను విడిచి తల్లి యెట్లు పరుగిడును? కాని బిడ్డకై తల్లియు, తల్లికై కొడుకును వెనుదిరిగి, యందఱును గడతేరిన యిండ్లనుండి పుట్టిన మాట యిది. ఎవరెచటికి పోవలెనో ముందే యింటనెల్లరు నిశ్చయించుకొన్నచో, బిడ్డ క్షేమముగ నెక్కియుండునని తల్లి నమ్మి తానును ఎక్కగలదు. కమాయిషి పట్టణమున ఇట్లు శిక్షణ నొందిన బాలబాలికలు సుమారు మూడువేలమంది 2011లో బ్రతికిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకొని, మొదట చేరినచోటు చాలదని యింకను పైకెక్కిరి.

ఇది పరదేశపు కథ యని త్రోసివేయరాదు. 2004 డిశంబరు 26వ తేది సుమత్రాచెంత పుట్టిన కెరటము మన యాంధ్రతీరమునను ప్రాణములు గొన్నది. 2007నుండి హైదరాబాదునందలి కేంద్రము హెచ్చరికలు పంపుచున్నది. అయినను, తీరమున భూమి చాలసేపు కంపించినను, సముద్రము హఠాత్తుగ వెనుకకు దీసినను, హెచ్చరికకై వేచియుండరాదు; గవ్వలేరుటకు పిల్లలను పోనీయరాదు. తీరగ్రామములందలి సోదరీమణులారా! మీ యింటివారు చేరవలసిన మెట్ట యేదో నేటిరాత్రి భోజనమువేళనే పిల్లలతో జెప్పియుంచుడు.