దూరమున నుండవలసిన చిట్టా
(మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల లాగ్‌కు దూరపు డిస్కులపై ప్రతిబింబ రక్షణ)

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులకు చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు చిరపరిచితములు. లావాదేవీ జరిగిన వెంటనే, జరిగిన వరుసలోనే, దానిని మొదట చిట్టాలో వ్రాయుదురు. పిదప దానిని ఆవర్జాలో ఆయా ఖాతాలకు ఎక్కించుదురు. ఆవర్జా అగ్నికి ఆహుతియైనను, పాత నకలు ఒకటియు, ఆ నాటినుండి వ్రాసిన చిట్టాయు మిగిలియున్నచో గుమాస్తా శ్రమపడి దానిని మరల సిద్ధము చేయగలడు. చిట్టాయే పోయినచో చివరి లావాదేవీలను చెప్పగల సాక్షి వేరొకటి లేదు.

నేటి పెద్ద బ్యాంకుల కంప్యూటర్లు సయితము ఈ పాత సూత్రమునే పాటించుచున్నవి. ఆ యంత్రపు చిట్టాను ‘లాగ్’ అందురు. విపత్తు వచ్చినను ఆ లాగ్ నశింపకుండ దానిని దూరపు ఊరిలోని డిస్కులపై ఎప్పటికప్పుడు ప్రతిబింబింపజేయుట ఎట్లో, అందుకు ముందుగా ఏమేమి నిర్ణయించుకొనవలెనో ఈ వ్యాసమున వివరింతును.

మెయిన్‌ఫ్రేమ్ – లాగ్

ఒకేసారి వేలకొలది మంది పనులను నిర్వహించు పెద్ద కంప్యూటరును మెయిన్‌ఫ్రేమ్ అందురు. ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్ 360 శ్రేణి ఈ రంగమున మైలురాయి. మనకు పొరుగుననే మద్రాసు ఐ.ఐ.టి.లో 1973లో ఐ.బి.ఎం. 370/155 యంత్రమును నెలకొల్పిరి. మెయిన్‌ఫ్రేముల కాలము చెల్లినదని పలువురు పలుమార్లు చెప్పినను, ప్రపంచములోని అనేక పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు నేటికిని వాటిపైననే ఆధారపడియున్నవి.

ఈ యంత్రములందు డేటాబేసు ఆవర్జా వంటిది. అందులోని ఏ పుటను మార్చినను, ఆ మార్పు డిస్కుపైకి పోవుటకు ముందే దాని వివరము లాగ్‌లో చేరియుండవలెను. లావాదేవీ ముగిసినదని యంత్రము ప్రకటించుటకు ముందు ఆ లావాదేవీ లాగ్ డిస్కుపై భద్రముగా వ్రాయబడియుండవలెను. యంత్రము నడుమ ఆగిపోయినచో, తిరిగి మొదలైనపుడు లాగ్‌ను చదివి, జరిగిన మార్పులను మరల చేసి, అసంపూర్ణముగా నిలిచిన వాటిని రద్దు చేయును. ఈ పద్ధతిని సమగ్రముగా రూపొందించి ‘ఏరీస్’ అను పేర 1992లో ప్రకటించిన శాస్త్రజ్ఞులలో ప్రముఖుడు శ్రీ సి. మోహన్. ఆయన మద్రాసు ఐ.ఐ.టి. పట్టభద్రుడు.

ఇది కేవలము యంత్రశాస్త్ర విషయము కాదు. గల్ఫులో కూలిచేయు తండ్రి తన కుమార్తె కళాశాల ఫీజు కొరకు సొమ్ము పంపినాడనుకొందము. ‘జమ అయినది’ అను వార్త ఆయనకు అందినది. ఆ మాట బ్యాంకు ఇచ్చిన హామీ. మరుక్షణమున యంత్రశాల మునిగి లాగ్‌లోని చివరి వరుసలు పోయినచో, ఆ హామీకి ఆధారము పోయినది.

నకలు ఎంత దూరమున?

పూర్వము ప్రతిరాత్రి టేపులపై నకళ్లు తీసి, వాహనమున వేరొక భవనమునకు పంపెడివారు. సాయంకాలము ప్రమాదము జరిగినచో ఆ దినపు లావాదేవీలన్నియు గల్లంతు. కావున డిస్కుపై వ్రాయు ప్రతి అక్షరమును అప్పటికప్పుడే తంతి ద్వారా మరియొక చోటి డిస్కునకు పంపు విధానము 1990 దశకమున వ్యాప్తిలోనికి వచ్చినది. దీనినే దూరపు డిస్క్ మిర్రరింగ్ అందురు.

దూరమనగా పక్క వీధి చాలదు. 2015 డిసెంబరు 1, 2 తేదీల చెన్నై వరదలలో, 1878లో స్థాపితమైన ‘ది హిందూ’ పత్రిక చెన్నైలో ఒకనాడు వెలువడలేదు. పనివారు ముద్రణాలయము చేరలేకపోవుటయే కారణము. 2021 నవంబరు 19న నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతమున చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. వాన ఒక భవనమును చూచి కురియదు, ప్రాంతమంతటిని ముంచును.

న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11 నాటి దుర్ఘటన పిదప అమెరికా ఆర్థిక నియంత్రణ సంస్థలు ఈ విషయమును తీవ్రముగా చర్చించినవి. రెండు కేంద్రముల నడుమ 200 నుండి 300 మైళ్ల దూరముండవలెనా అను ప్రశ్న 2002లో ముందుకు వచ్చినది. అంత దూరమున క్షణక్షణ ప్రతిబింబము సాధ్యము కాదని పలు సంస్థలు తెలిపినవి. 2003 ఏప్రిలులో వెలువడిన తుది పత్రమున మైళ్ల నియమము లేదు. రెండవ కేంద్రము మొదటి దానితోపాటు ఒకే విద్యుత్తు, ఒకే నీరు, ఒకే రవాణా, ఒకే టెలిఫోను వ్యవస్థ, ఒకే పనివారిపై ఆధారపడరాదని మాత్రము అందు హితవు చెప్పిరి. ఇది మనకును ఆచరణీయము. చెన్నై సముద్రతీరము, మొగిలి ఘాటు పైనున్న మన పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. కింద వచ్చిన వరద పైకి రాదు. దూరము కొలుచునపుడు కిలోమీటర్లతోపాటు ఇట్టి భేదములను గూడ చూడవలెను.

కాంతికిని కాలము పట్టును

ప్రతిబింబము పంపుటలో రెండు పద్ధతులు కలవు. మొదటిది ఏకకాలిక పద్ధతి. దూరపు డిస్కు ‘వ్రాసితిని’ అని బదులు చెప్పిన పిదపనే ఇచ్చటి యంత్రము ముందునకు సాగును. నష్టము దాదాపు శూన్యము. కాని గాజు తంతిలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు మాత్రమే పోవును. పోయి రావలెను గనుక 100 కిలోమీటర్ల దూరమునకు సెకనులో వెయ్యవ వంతు, అనగా ఒక మిల్లీసెకను, పట్టును.

ఒక లెక్క చూతము. యంత్రశాల బెంగళూరులో ఉన్నదనుకొందము. లాగ్ వ్రాత ఒకటి స్థానిక డిస్కుపై అర మిల్లీసెకనులో ముగియుచో, ఒకదాని వెనుక ఒకటిగా సెకనుకు 2,000 వ్రాతలు సాగును. రహదారి మీద సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్న పలమనేరులో ప్రతిబింబముంచినచో ఒక్కొక్క వ్రాతకు 1.9 మిల్లీసెకన్లు పట్టును. సెకనుకు సుమారు 520 వ్రాతలే సాగును. సుమారు 570 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు అయినచో 6.2 మిల్లీసెకన్లు, సెకనుకు సుమారు 160 మాత్రమే. పెక్కు లావాదేవీలను ఒకే వ్రాతలో కలిపి కొంత ఉపశమనము పొందవచ్చును. అయినను దూరము పెరిగినకొలది ఖాతాదారుడు వేచియుండు కాలము పెరుగుట తప్పదు.

రెండవది అనంతర పద్ధతి. ఇచ్చటి పని ఆగదు. నకలు కొంచెము వెనుకగా పోవుచుండును. ఖాతాదారుడు వేచియుండనక్కరలేదు, దూరమునకు హద్దు లేదు. కాని విపత్తు క్షణమున దారిలో నున్నదంతయు పోవును. ఇచ్చట తంతి సామర్థ్యమును సగటు రద్దీని చూచి కాక, జీతముల దినము వంటి అత్యధిక రద్దీని చూచి నిర్ణయించవలెను. తంతి సెకనుకు 40 మెగాబైట్లు మోయగలదనియు, రద్దీ వేళ లాగ్ 60 మెగాబైట్ల వంతున పుట్టుచున్నదనియు అనుకొందము. పది నిమిషములలో 12,000 మెగాబైట్లు పేరుకొనును. ఆ క్షణమున యంత్రశాల నశించినచో చివరి 200 సెకనుల లావాదేవీలు గల్లంతగును. ఆ సెకనులు సంవత్సరములో మిక్కిలి రద్దీగానున్న సెకనులు!

ఈ కారణముచేత పెద్ద సంస్థలు మూడు కేంద్రములను పెట్టుకొనుచున్నవి: సమీపమున ఏకకాలిక నకలు, సుదూరమున అనంతర నకలు.

వరుస తప్పిన నకలు

లాగ్ ముందు, డేటా పిదప అను వరుసయే రక్షణకు మూలము. దూరపు చోటికి డేటా పుట ముందు చేరి, దాని లాగ్ చేరకమునుపే తంతి తెగినచో, ఆ మార్పు ఎవరిదో, ముగిసినదో లేదో తెలియదు. చిట్టాలో లేని పద్దు ఆవర్జాలో కనబడినట్లగును. అగ్నిప్రమాదము ఒక్క క్షణమున ముగియదు; మొదట ఒక తంతి, కొంతసేపటికి ఒక డిస్కు, ఆపై మరియొకటి పోవును. కావున సంబంధమున్న డిస్కులన్నింటిని ఒక జట్టుగా చేర్చి, ఒకదాని ప్రతిబింబము ఆగినచో తక్కిన వాటి ప్రతిబింబమును అదే క్షణమున ఆపివేయు ఏర్పాటుండవలెను. అప్పుడు దూరపు నకలు కొంత పాతదైనను వరుస చెడనిదై యుండును.

తంతి తెగినపుడు ఇచ్చటి పని ఆపవలెనా, నకలు లేకయే సాగించవలెనా? ఆపినచో సేవ నిలుచును. సాగించినచో హామీ సడలును. దీనిని నడిరేయి విధి నిర్వహణలో నున్న ఆపరేటరుకు వదలరాదు. ముందుగానే యాజమాన్యము వ్రాతపూర్వకముగా నిర్ణయించవలెను.

లాగ్ ఒక్కటి చాలునా?

డేటాబేసునంతటిని పంపుట కంటె లాగ్‌ను మాత్రమే ప్రతిబింబింపజేసినచో ఖర్చు తగ్గును. కాని అప్పుడు దూరపు చోట డేటాబేసు పాత నకలు ఉండవలెను. గతరాత్రి నకలుపై ఇరువది గంటల లాగ్‌ను మరల నడుపుటకు గంటలు పట్టును. అనగా పోవునది తక్కువే, తేరుకొనుట ఆలస్యము. ఎంత పోయిన సహింపగలము, ఎంత సేపటికి తేరుకొనవలెను అనునవి రెండు వేరు ప్రశ్నలు. వీటికి సమాధానములు వ్రాసికొనక యంత్రములు కొనుట వృథా.

ఏ లాగ్ ఏ డిస్కుపై ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో తెలుపు సూచిక, ప్రోగ్రాముల నకళ్లు, రహస్య లిపి తాళములు కూడ అచ్చట ఉండవలెను. సూచిక లేని లాగ్ జాబితా లేని గ్రంథాలయము వంటిది.

మరియొక హెచ్చరిక. అద్దము అందమును, మచ్చను సమానముగా చూపును. ఎవరేని పొరపాటున ఒక పట్టికను తుడిచివేసినను, దుండగులు డేటాను పాడుచేసినను, ఆ నష్టము క్షణములో దూరపు డిస్కునకు గూడ పాకును. కావున మార్చ వీలులేని పాత నకళ్లను వేరుగా భద్రపరచవలెను.

అభ్యాసము

2021 ఫిబ్రవరి 24న బొంబాయి నేషనల్ స్టాక్ ఎక్స్చేంజిలో టెలికాం తంతుల వైఫల్యము వలన ఉదయము 11.40కి వ్యాపారము నిలిచి, సాయంకాలము 3.45కి గాని మొదలు కాలేదు. దూరపు కేంద్రము ఉన్నను ఆనాడు దానికి మారలేదు. ఆ పిదప సెబీ సంస్థ, సంఘటన జరిగిన 30 నిమిషములలో విపత్తును ప్రకటించవలెననియు, ప్రకటించిన 45 నిమిషములలో పని పునఃప్రారంభము కావలెననియు నిర్దేశించినది. రెండవ కేంద్రము ఉండుట వేరు, దానికి మారుటకు ధైర్యముండుట వేరు. ఆ ధైర్యము అభ్యాసము వలననే కలుగును. మన రిజర్వు బ్యాంకు, 2004లో మొదలైన తన ఆర్.టి.జి.ఎస్. సేవను, విపత్తు నుండి తేరుకొను వేగమును పెంచుటకై, 2021 ఏప్రిల్ 18 ఆదివారము 14 గంటలు ఆపి సవరించినది. తీరిక వేళ ఆగుట ఆపద వేళ ఆగకుండుటకే.

విద్యార్థులారా! రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదునందు స్థాపించిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనా సంస్థ వంటి చోట్లకు మీలో కొందరు రేపు పోవచ్చును. అచ్చట గణితము, వాణిజ్యము, యంత్రశాస్త్రము మూడును కలిసిన ఈ విద్య మీకు అక్కరకు వచ్చును. ఇక కళాశాల పాలకవర్గము వారికి ఒక విన్నపము: మెయిన్‌ఫ్రేమ్ లేని చోటను చిట్టా ఉన్నది. ప్రవేశ పుస్తకములు, మార్కుల జాబితాలు, బదిలీ పత్రముల రిజిస్టర్లు పేద విద్యార్థి చదివినాడనుటకు ఏకైక సాక్ష్యములు. వాటి నకలు ఒకటి వేరొక ఊరిలో, వేరొక కప్పు కింద ఉండవలెను. సంవత్సరమున కొకసారి ఆ నకలునే తెరచి ఒక విద్యార్థి పత్రమును తీసి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికి తెలియును?