మంచు కాటేసిన మొక్కను పీకేయకండి

లంబసింగిని ఆ చుట్టుపక్కల జనం కొర్రబయలు అంటారు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ చింతపల్లి మన్యంలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగిపోతుంది. పట్నాల జనానికి ఆ మంచు వేడుక. చెక్క భూమిలో నాలుగు మామిడి అంట్లు పెట్టుకున్న గిరిజనుడికి మాత్రం అది గుండెకోత.

కావిడితో నీళ్ళు మోసి పెంచిన మొక్క ఒక్క రాత్రిలో కమిలిపోతుంది. ఆకు నల్లబడి వేలాడుతుంది. "ఇంకేముంది, చచ్చింది" అని కొందరు పీకేస్తారు. మరికొందరు ఆ వారమే కత్తి పట్టుకుని నరికేస్తారు. రెండూ పొరపాటే.

మంచు దెబ్బ ముందు తగిలేది లేత ఆకుకూ, చిగురుకూ, సన్న కొమ్మకూ. ముదిరిన కాండం, వేరు చాలాసార్లు బతికే ఉంటాయి. ఎంతవరకు చచ్చిందో వెంటనే తెలియదు. మాడిన ఆకులు కూడా కింది కొమ్మకు కాస్త కాపుగానే ఉంటాయి. తొందరపడి కోస్తే వచ్చే చిగురు మరో చలికి మాడిపోతుంది. కాబట్టి చలి పూర్తిగా పోయి కొత్త చిగురు కనపడేదాకా ఆగాలి.

అప్పుడు గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో ఎండి ఉంటే అక్కడికి చచ్చినట్టు. పచ్చదనం మొదలైన చోటికి కాస్త కిందగా, మంచి మొగ్గకు పైన, ఏటవాలుగా కోయాలి. కోతకు బోర్డో పేస్టు పూయాలి. పది లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చాలు.

అంటు కట్టిన చోటు ఎక్కడుందో ముందు గుర్తుపట్టాలి. ఆ ముడికి పైనుంచి వచ్చిన చిగురే మన రకం. కిందనుంచి వచ్చేది టెంక మొక్క. ఏపుగా ఉంది గదా అని దాన్ని ఉంచితే ఏళ్ళు గడిచాక నాటు కాయే చేతికొస్తుంది. పైభాగమంతా చచ్చిపోయినా దిగులు పడక్కర్లేదు. వేరు బతికుంటే కింది మొలకను పెంచి, వానాకాలంలో దాని మీదే మంచి రకం కొమ్మతో అంటు కట్టించుకోవచ్చు. కుదురుకున్న వేరు ఊరికే పోదు.

ముడిపైన వచ్చిన చిగుళ్ళలో రెండు మూడు ఉంచాలి. వేరుకు తిండి పెట్టేది ఆ ఆకులే. నెల గడిచాక నిటారుగా, బలంగా ఉన్నదాన్ని నిలబెట్టి మిగతావి తీసేయాలి. పక్కన ఊతకర్ర పాతి, గోనె పీలికతో వదులుగా కట్టాలి. రెండున్నర, మూడడుగులు పెరిగాక తల తుంచి, తలా ఒక దిక్కుకు పోయే మూడు నాలుగు కొమ్మలను ఉంచితే చెట్టు మళ్ళీ రూపుకొస్తుంది. తొందరగా పెరగాలని యూరియా గుమ్మరించకండి. లేత చిగురు తర్వాతి చలికి మళ్ళీ బలవుతుంది.

వచ్చే చలికాలానికి ముందే జాగ్రత్త పడాలి. గాలి, మబ్బు లేని రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది. పల్లపు మొక్కలకే దెబ్బ ఎక్కువ. వాటికి గడ్డితో గూడు కట్టి, ఎండ తగిలేలా తూర్పు-దక్షిణ మూల తెరిచి ఉంచాలి. నీరు దొరికితే ఆ రాత్రులకు ముందు తేలికగా తడి పెట్టాలి.

ఇదంతా పని. పనికి కూలి ఉండాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద పేదల భూముల్లో పండ్ల మొక్కలు నాటించినప్పుడు, బతికున్న మొక్కల లెక్క చూసి నిర్వహణ కూలి చెల్లించే పద్ధతి నడిచింది. అలాంటి లెక్క జనవరిలో తీస్తే కమిలిన మొక్కలన్నీ చచ్చిన ఖాతాలోకి పోతాయి. మొక్కా పోయె, కూలీ పోయె! ఏ పథకం కిందనైనా చిగుళ్ళు వచ్చాకే లెక్క తీయాలనీ, కత్తిరింపుకూ, ఊతకర్రకూ, గడ్డి గూడుకూ పనిదినాలు ఇవ్వాలనీ, మైలుతుత్తం, అంటుకొమ్మలు ఉచితంగా అందించాలనీ సంఘం కార్యకర్తలు గ్రామసభల్లో పట్టుబట్టాలి.

అధికారి "చచ్చింది" అని రాసుకునే ముందు, మన గోటితో బెరడు గీకి అతనికి పచ్చదనం చూపిద్దాం.