ముందు చక్రాలకు ఇంజను బలం ఎందుకు?

ఖరీఫ్ ఉభాలకు ముందు అరసవల్లి చుట్టుపక్కల మడుల్లో దమ్ము పట్టే రెండు రకాల ట్రాక్టర్లను గమనించండి. రెండింటి హార్స్‌పవర్ ఒకటే కావచ్చు. కానీ ఒకదాని ముందు టైర్లు చిన్నవి, చుట్టూ గీతలు గీసినట్టు ఉంటాయి. రెండోదానివి కాస్త పెద్దవి, వెనక టైర్లలాగే ఎత్తయిన గుబ్బలతో ఉంటాయి. మొదటిది టూవీల్ డ్రైవ్, రెండోది ఫోర్‌వీల్ డ్రైవ్.

టూవీల్ బండిలో ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ముందువి ఊరికే దొర్లుతాయి. బురద లోతైతే అవి దిగబడి అడ్డం పడతాయి, వెనకవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఫోర్‌వీల్‌లో ముందువి కూడా నేలను పట్టి లాగుతాయి.

మరి ఎప్పుడూ అదే మేలా? కాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా పెద్ద వలయం తిరగాలి. బురదలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. శ్రీకాకుళం వెళ్లే తారురోడ్డు మీద అలా జారడం కష్టం. టైర్లు అరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే రోడ్డెక్కేముందు డ్రైవరు లివరుతో ముందు చక్రాలకు బలం ఆపేస్తాడు.

ఇనప దమ్ము చక్రాలు తగిలిస్తే టూవీల్ బండి కూడా మడిలో నెట్టుకొస్తుంది. వాటితో తారురోడ్డెక్కితే మాత్రం రోడ్డు పాడవుతుంది!



మెట్ట దుక్కి, తొట్టి లాగడమే ఎక్కువైతే టూవీల్ చాలు, ధరా తక్కువే. దమ్మే ముఖ్యమైతే నా ఓటు ఫోర్‌వీల్‌కే.