మెదక్ చర్చిలో ముందు కమానులు చూడండి

మెదక్ చర్చికి వెళ్లినవాళ్లలో చాలామంది 175 అడుగుల గంట గోపురం ముందు ఫొటోలు దిగి, లోపల ఓ చుట్టు తిరిగి వచ్చేస్తారు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఏటా మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాను. లోపలికి అడుగుపెట్టగానే చెప్పేది ఒకటే: ముందు కమానులు చూడండి. చర్చి కట్టడాల చరిత్రంతా బరువుకీ వెలుతురుకీ మధ్య నడిచిన కథే.

తొలి క్రైస్తవులు ఇళ్లలోనే కూడుకునేవారు. క్రీ.శ. 313లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ వారి ఆరాధనకు స్వేచ్ఛ ఇచ్చాక పెద్ద మందిరాలు కావలసివచ్చాయి. న్యాయవిచారణకు, వ్యాపారానికి రోమన్లు వాడుకునే పొడవాటి సభాభవనం, బాసిలికా, అందుకు నమూనా అయింది. మధ్యలో వెడల్పాటి నడవ, అటూ ఇటూ స్తంభాల వరుసలు, చివర బలిపీఠం.

తర్వాత వచ్చిన రోమనెస్క్ శైలిలో కర్ర కప్పుల స్థానంలో రాతి కప్పులు వేయసాగారు. గుండ్రటి కమాను తన మీది బరువును గట్టిగా పక్కలకు నెడుతుంది. ఆ ఒత్తిడికి ఆగాలంటే గోడ మందంగా, కిటికీ చిన్నగా ఉండాలి. అందుకే ఆ చర్చిల్లో వెలుతురు తక్కువ.

ఈ చిక్కు విప్పింది మొనదేలిన కమాను. అది పక్కలకు నెట్టేది తక్కువ, కిందికి దించేది ఎక్కువ. కప్పు అడుగున గొడుగు పుల్లల్లా రాతి బద్దెలు వేసి బరువును స్తంభాల మీదికి మళ్లించారు. మిగిలిన ఒత్తిడిని బయట కట్టిన ఊతలు ఆపాయి. గోడకు మోత తగ్గినచోటల్లా అద్దాలు బిగించారు. పారిస్ దగ్గర సెయింట్ డెనిస్‌లో మఠాధిపతి సూజే కట్టించి 1144లో ప్రతిష్ఠించిన భాగం గోతిక్ శైలికి నాంది.

ఆ శైలికి 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ ఆదరణ వచ్చింది. అక్కడినుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ మెదక్‌లో 1914లో అదే శైలిలో ఈ చర్చి నిర్మాణం మొదలుపెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గ్రానైట్ స్తంభాలు. ఆ రాయి వెనక ఆకలితో వచ్చిన కూలీల చెమట ఉంది. ఈ మాట మా పిల్లలకు తప్పకుండా చెబుతాను.

బలిపీఠం వెనక కిటికీలో క్రీస్తు ఆరోహణం, మిగతా రెండింటిలో జననం, శిలువ మరణం కనిపిస్తాయి. వీటి రూపకర్త ఫ్రాంక్ సాలిస్‌బరీ. దగ్గరికెళ్లి చూస్తే బొమ్మ వెంట నల్లటి గీతలుంటాయి. అవి సీసపు పట్టీలు. ముక్కలుగా కోసిన రంగు గాజును వాటితోనే అతుకుతారు. రంగు చాలావరకు గాజులోనే కలిసి ఉంటుంది. ముఖాల్లో కనిపించే గీతలను మాత్రం గాజు మీద చిత్రించి కొలిమిలో కాలుస్తారు.

ఆ బొమ్మలకు ప్రాణం బయటి వెలుతురే. పొద్దుగూకాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి కనిపించవు. కాబట్టి మెదక్ వెళ్తే పగటిపూట వెళ్లండి. పిల్లలు వెంట ఉంటే, బరువు ఏ స్తంభం మీదికి దిగుతోందో వాళ్లనే వెతికి చెప్పమనండి.