నేల, నింగి, నీరు: అణ్వాయుధాలు మూడు చోట్లా కావాలా?

అమలాపురం నుంచి రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు వెళ్తే విశాఖపట్నం. మన దేశపు తొలి అణు క్షిపణి జలాంతర్గామి ఐఎన్ఎస్ అరిహంత్‌ను కట్టింది అక్కడే. 2009 జులై 26న నీళ్లలోకి దించారు. రెండోది, ఐఎన్ఎస్ అరిఘాత్, 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరింది. వీటి వార్త వచ్చినప్పుడల్లా 'అణు త్రయం' అనే మాట వింటుంటాం. ఇంతకీ ఏమిటది?

అణ్వాయుధాన్ని మూడు దారుల్లో పంపగలగడమే అణు త్రయం. నేల మీద నుంచి అగ్ని లాంటి క్షిపణులు, ఆకాశం నుంచి యుద్ధవిమానాలు, సముద్రం లోపలి నుంచి జలాంతర్గాములు.

మూడూ ఎందుకు? 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. 2003 జనవరి 4న ప్రభుత్వం తన విధానం ప్రకటించింది: అణ్వాయుధాన్ని మనం ముందుగా వాడం, మన మీద వాడితే మాత్రం గట్టిగా బదులిస్తాం. మరి మొదటి దెబ్బ తిన్నాక కూడా బదులివ్వడానికి ఏదో ఒకటి మిగలాలి కదా! విమానాశ్రయాలు ఎక్కడున్నాయో శత్రువుకి తెలుసు. నేల మీది క్షిపణుల మీద ఉపగ్రహాలు కన్నేసి ఉంచుతాయి. సముద్రం లోతులో తిరిగే జలాంతర్గామిని పట్టుకోవడం చాలా కష్టం.

అలాగైతే జలాంతర్గాములు చాలు కదా, మిగతా రెండింటికీ ఖర్చెందుకు అన్నది ఒక వాదన. బ్రిటన్ 1998లో విమానాల అణుబాంబులు వదిలేసి జలాంతర్గాములతోనే సరిపెట్టుకుంది. ఫ్రాన్స్ 1996లో నేల క్షిపణుల్ని తీసేసింది. అమెరికా మాజీ రక్షణ మంత్రి విలియం పెర్రీ కూడా నేల క్షిపణులు వద్దనే అన్నారు. పొరపాటు హెచ్చరిక వస్తే వాటిని కంగారుగా ప్రయోగించే ప్రమాదం ఉందన్నది ఆయన భయం.

మన లెక్క వేరు అంటారు రెండో పక్షం వాళ్లు. ఒక జలాంతర్గామి ఎప్పుడూ సముద్రంలో ఉండాలంటే బ్రిటన్, ఫ్రాన్స్ నాలుగేసి ఉంచుకున్నాయి. మనకి ఇంకా అన్ని లేవు. అరిహంత్‌లోని కె-15 క్షిపణి సుమారు 750 కిలోమీటర్లే వెళ్తుంది. 3,500 కిలోమీటర్ల కె-4ను అరిఘాత్ నుంచి 2024 నవంబరులో పరీక్షించారు. అంటే సముద్రపు కాలు ఇంకా నిలదొక్కుకుంటోంది. అప్పటిదాకా మిగతా రెండూ తీసేయలేం.

ఇంకో చిక్కూ ఉంది. గస్తీలో ఉన్న జలాంతర్గామిలో ఆయుధం సిద్ధంగా ఉండాలి, ఢిల్లీ ఆదేశం నీళ్ల కిందికి తప్పకుండా చేరాలి. అక్కడ తేడా వస్తే సరిదిద్దుకునే టైమ్ ఉండదు. కాబట్టి ఎన్ని ఆయుధాలున్నాయన్న దానితో పాటు, వాటి తాళం ఎంత భద్రంగా ఉందన్నదీ అడగాలి. పన్ను కట్టేది మనం, ఈ తీరంలో బతికేదీ మనమే.