నక్కకు పాఠం చెప్పే తీగ: ఫెజంట్ దొడ్ల నుంచి మన పొలం గట్ల దాకా

బ్రిటన్ పల్లెల్లో ఏటా జులై, ఆగస్టు నెలలు వచ్చాయంటే చిన్న చిన్న అడవుల్లో కట్టిన దొడ్లు ఫెజంట్ పిల్లలతో నిండిపోతాయి. ఫెజంట్ మన నెమలి, అడవికోడి కుటుంబానికి చెందిన పక్షి. దాని పుట్టిల్లు ఆసియా. బ్రిటన్‌లో మాత్రం వేట క్రీడ కోసం దీన్ని పెంచుతారు. ఇంక్యుబేటర్లలో పొదిగించిన పిల్లలను ఆరేడు వారాల వయసులో ఈ దొడ్లలోకి తెచ్చి, అక్కడి నుంచి మెల్లగా బయటి ప్రపంచానికి అలవాటు చేస్తారు. ఇంగ్లండ్‌లో ఫెజంట్ వేట సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు ఉంటుంది. అక్కడ ఏటా వదిలే ఫెజంట్లు సుమారు 3 కోట్ల నుంచి 4.7 కోట్ల వరకు ఉంటాయని వేర్వేరు అంచనాలు చెబుతున్నాయి.

వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టంతో నిషేధించుకున్న మనకు ఈ క్రీడ వింతగానే కనిపిస్తుంది. అయితే ఆ దొడ్ల చుట్టూ కట్టే రెండు సన్నని తీగల వెనకున్న శాస్త్రం మనకూ చాలా అవసరం. అది తెలియకపోతే ప్రాణాలే పోతాయి.

ఆకలికి మించిన వేట

దొడ్డిలోకి వచ్చిన కొత్తలో ఫెజంట్ పిల్లలకు చెట్టెక్కి పడుకోవడం తెలియదు. నేల మీదే ఒకచోట ముడుచుకుని నిద్రపోతాయి. వెంటనే ఎగిరిపోకుండా ఒక రెక్క ఈకలను కత్తిరించి ఉంచుతారు కాబట్టి, అవి మళ్లీ పెరిగే దాకా సరిగా ఎగరలేవు. ఎర్ర నక్కకు ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది?

నక్క దొడ్డిలోకి దూరితే ఒక పక్షితో సరిపెట్టుకోదు. ఈ ప్రవర్తనను హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని రావెన్‌గ్లాస్ తీరంలో, నేల మీద గూళ్లు పెట్టుకునే నల్లతల గల్ పక్షుల మధ్య గమనించాడు. తుపాను గాలులతో కూడిన చీకటి రాత్రుల్లో పక్షులు లేచి ఎగరకుండా అలాగే కూర్చుండిపోయేవి. అలాంటి రాత్రి కొన్ని నక్కలు కలిసి వందల పక్షులను చంపి, చాలావాటిని తినకుండానే వదిలేసేవి. 1972లో వెలువడిన తన పరిశోధన పత్రంలో ఆయన దీన్ని అవసరానికి మించిన వేటగా వివరించాడు. నక్కది దురాశ కాదు. ఎర పారిపోతే వేట అక్కడితో ఆగుతుంది. పారిపోలేని ఎర కళ్ల ముందే కదులుతుంటే, కడుపు నిండినా వేటాడే స్పందన ఆగదు. నక్క దూరిన దొడ్డిలో జరిగేదీ ఇదే.

జాలీ ఒక్కటే చాలదు

ఈ దొడ్లకు సుమారు రెండు మీటర్ల ఎత్తున ఇనుప జాలీ కడతారు. ఈకలు పెరిగిన పక్షులు ఎగిరి బయటికి వెళ్లడం అలవాటు చేసుకోవాలి కాబట్టి పైకప్పు ఉండదు. జాలీ అడుగు భాగాన్ని బయటి వైపు మడిచి నేల మీద పరిచి, మేకులతో బిగిస్తారు. నక్క తవ్వేటప్పుడు కంచె మొదట్లోనే తవ్వుతుంది. అక్కడ గోళ్లకు జాలీ తగులుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. పైఅంచును కూడా బయటికి వంచి వదులుగా వదిలేస్తారు. ఎక్కబోయిన నక్కకు అక్కడ పట్టు దొరకదు. బయటికి వెళ్లిన పక్షులు తిరిగి నడిచి రావడానికి గరాటు ఆకారపు ద్వారాలుంటాయి. వాటి ముందు నిలబెట్టిన కడ్డీల మధ్య నుంచి పక్షి దూరగలదు, నక్క దూరలేదు.

ఇంత చేసినా, రోజూ రాత్రి వచ్చి ప్రయత్నించే నక్క ఏదో ఒకనాడు బలహీనమైన చోటు కనిపెడుతుంది. అందుకే జాలీకి కొంచెం ఎడంగా బయటి వైపు, నేల నుంచి సుమారు 15, 30 సెంటీమీటర్ల ఎత్తుల్లో రెండు విద్యుత్ తీగలు లాగుతారు. నడిచి వచ్చే నక్క ముక్కుకు తగిలే ఎత్తు అది. నక్క ఒంటి మీద దట్టమైన బొచ్చు విద్యుత్తును అంతగా పోనివ్వదు. కొత్త వస్తువు కనిపిస్తే అది ముందుగా పెట్టే తడి ముక్కు మాత్రం విద్యుత్తుకు తెరిచిన తలుపు లాంటిది.

5,000 వోల్టులు చంపవు, 230 వోల్టులు చంపుతాయి

ఈ తీగలో అనేక వేల వోల్టులుంటాయి. మన ఇళ్లలోని సరఫరా 230 వోల్టులే. అయినా ప్రాణాలు తీసేది రెండోదే. కారణం వోల్టేజీలో లేదు, శక్తిలోనూ సమయంలోనూ ఉంది.

కంచెకు విద్యుత్తునిచ్చే పెట్టెను ఎనర్జైజర్ అంటారు. అందులోని కెపాసిటర్ బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా శక్తిని కూడగట్టుకుని, సుమారు సెకనుకు ఒకసారి దాన్ని ఒక్క దెబ్బగా తీగలోకి వదులుతుంది. న్యూజిలాండ్‌లో 1960లలో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. పెట్టెకున్న ఒక కొస తీగకు, రెండోది నేలలో పాతిన ఎర్త్ రాడ్‌కు కలిపి ఉంటుంది. నేల మీద నిలబడ్డ నక్క తీగను తాకగానే దాని శరీరం మీదుగా వలయం పూర్తవుతుంది. తీగ మీద మాత్రమే వాలిన పక్షికి నేలతో సంబంధం ఉండదు కాబట్టి ఏమీ కాదు.

ఆ దెబ్బ వ్యవధి సాధారణంగా సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. చిన్న ఎనర్జైజర్ ఇచ్చే శక్తి ఒక జౌల్ అనుకుందాం. 100 గ్రాముల వస్తువు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అంతే. మిగతా సెకనంతా తీగలో విద్యుత్తు ఉండదు. ఉలిక్కిపడ్డ జంతువుకు వెనక్కి తగ్గే సమయం దొరుకుతుంది.

ఇక మెయిన్స్ సంగతి చూద్దాం. శరీర నిరోధం 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టుల దగ్గర 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుని, తీగను వదలడం కష్టమవుతుంది. శరీరంలోకి సెకనుకు దాదాపు 53 జౌళ్ల శక్తి ఎడతెగకుండా చేరుతూనే ఉంటుంది. కొన్ని గుండె చప్పుళ్ల వ్యవధిలోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఎనర్జైజర్ దగ్గర ఉన్నది ఆ చిన్న నిల్వే. మెయిన్స్ వెనక మొత్తం గ్రిడ్ ఉంది.

చచ్చిన నక్క నేర్చుకోదు

నక్క తన ఇలాకాను కాపాడుకునే జంతువు. ఒకదాన్ని చంపితే ఆ ఖాళీలోకి మరొకటి రావడం మామూలే. కొత్తగా వచ్చినదానికి తీగ సంగతి తెలియదు. ఒకసారి ముక్కు మీద దెబ్బ తిన్న నక్క మాత్రం ఆ కంచెకు దూరంగా ఉంటుంది, తన ఇలాకాలోకి ఇంకో నక్కనూ సులభంగా రానివ్వదు. అందుకే పక్షులు రాకముందే తీగలో విద్యుత్తు ఉండాలి. లోపలి రుచి మరిగాక దాన్ని ఆపడం చాలా కష్టం.

బ్రిటన్‌లో లాప్‌వింగ్, లిటిల్ టెర్న్ వంటి నేల మీద గుడ్లు పెట్టే పక్షుల రక్షణకూ ఇవే తీగలు వాడుతున్నారు. ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. గడ్డి పెరిగి తీగను తాకితే విద్యుత్తు నేలలోకి కారిపోతుంది. నేల బాగా ఎండిపోతే వలయం బలహీనపడుతుంది. మరీ కిందనున్న తీగ నెమ్మదిగా కదిలే చిన్న జీవులకు ప్రమాదం. దెబ్బ తగలగానే ముడుచుకునే అలుగు లాంటి జంతువు తీగను చుట్టుకుపోయి చనిపోవచ్చు.

మన పొలాల్లో

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అడవి పందుల బెడదకు కొందరు లైను నుంచి నేరుగా తీగ లాగి పొలం చుట్టూ కడుతున్నారు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు, పశువులు, వన్యప్రాణులు వాటికి బలైన వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. 1972 వన్యప్రాణి చట్టం, 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఇది నేరం. అంతకుమించి, పంట కాపాడుకోవడానికి కూడా ఇది పనికొచ్చే పద్ధతి కాదు. చచ్చిన పంది చోటికి మరో పంది వస్తుంది. తీగ ఎక్కడుందో మరిచిన మనిషికి రెండో అవకాశం ఉండదు.

సోలార్ కంచె కొనేవారు చూడాల్సింది ప్యానెల్ కాదు, ఎనర్జైజర్. దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం ఒక సెకను విరామం, దెబ్బకు 5 జౌళ్లకు మించని శక్తి ఉండాలన్నది అంతర్జాతీయ భద్రతా నియమం. భారత ప్రమాణాల సంస్థ కూడా ఈ పరికరాలకు ఐఎస్ 302లో ప్రత్యేక విభాగం కేటాయించింది. ఆ గుర్తు ఉందో లేదో అడగాలి. ఎర్త్ రాడ్లు తేమ నేలలో లోతుగా పాతాలి. తీగ కింద గడ్డి కోయాలి. దారి పక్కన హెచ్చరిక బోర్డు కట్టాలి. ఏ కారణంతోనూ తీగను మెయిన్స్‌కు కలపకూడదు.

పెరట్లో పది నాటుకోళ్లున్నవారికి విద్యుత్తే అక్కర్లేదు. బయటికి మడిచి నేల మీద పరిచిన జాలీ, చీకటి పడగానే మూసే గట్టి గూడు ఉంటే నక్క, ముంగిస, అడవి పిల్లి బెడద చాలావరకు తగ్గుతుంది.